వెనక మెట్ల మీద మేస్టారు

ఉదయం ఎనిమిదింపావుకి మళ్లీ ఆ మెట్ల దగ్గరికి వెళ్లాను. శవాన్ని రాత్రే తీసుకెళ్లారు. మిగిలింది ఏడు సిమెంటు మెట్లు, ఒక ఇనప కమ్మీ, లోపలి నుంచి మాత్రమే తెరుచుకునే ఒక తలుపు.

"ఉప్పు ఎన్నింటికి చల్లావు, ఎమెట్?"

ఎమెట్ రస్క్ ఇరవై రెండేళ్లుగా ఆ బడిని చూసుకునే మనిషి. తాళాలు, బాయిలర్, మంచు, అన్నీ అతనివే. టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"ఆరున్నరకి మేడమ్. మంచు గడ్డకట్టకుండా సగం బస్తా పోశాను. పెద్దవాళ్లు వస్తారు కదా అని. ఈ మెట్ల మీద చిటికెడు ఐసు ఉందని తేలితే నా చేతులు నరికెయ్యండి."

"నిన్నెవరూ అనడం లేదు."

"ఆ పెద్దమనిషి అంటున్నాడుగా! పొద్దున్నే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి, మెట్లు చూసేవాడు తాగుతాడా అని అడిగాట్ట."

"ఏ పెద్దమనిషి?"

"గవర్నర్ విట్లాక్ గారి మనిషి. మీ పాత బాసు."

మోకాళ్ల మీద కూర్చుని రాత్రి తీసిన ఫొటోను మెట్ల పక్కన పెట్టి చూశాను.

ఫొటోలో ఉన్నది వెర్లిన్ ఓస్ట్రైక్. డెబ్బై ఒక్కేళ్లు. కెల్సీ గ్రోవ్ హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు పౌరశాస్త్రం చెప్పారు. వాదన పోటీలకు పిల్లల్ని తయారుచేశారు. ఆ పిల్లల్లో నేనొకదాన్ని. పదిహేనేళ్లప్పుడు నలుగురిలో నాకు నోరు పెగిలేది కాదు. ఆయన నన్ను బల్ల ముందు నిలబెట్టి, "సిగ్నీ, ముందు ఎదుటివాడి వాదన వాడికన్నా బాగా చెప్పు. నీది తర్వాత చెబుదువుగాని" అనేవారు. ఊళ్లో సగం మందికి ఆయన మేస్టారే. ఇవాళ నా ఫైల్లో మాత్రం ఆయన పేరు పక్కన ఒక నంబరు ఉంది.

ఫొటోలో ఆయన వెల్లకిలా పడి ఉన్నారు. కాళ్లు మూడో మెట్టు మీద, తల కింద నేల మీద. దెబ్బ తల వెనక తగిలింది.

మెట్లు దిగుతూ జారినవాడు వెనక్కి పడితే తల పైకి ఉంటుంది. ఆయన తల కిందికి ఉంది. అంటే దిగడం లేదు, ఎక్కుతున్నారు. ముఖం తలుపు వైపు ఉంది. ముందు నుంచి ఎవరో తోస్తేనో, చేతిలోది లాక్కుంటే పట్టు తప్పితేనో తప్ప అలా వెనక్కి పడరు.

"ఈ తలుపు తెరిచి ఉంచింది ఎవరు?"

"మేస్టారే. మడత కుర్చీ అడ్డం పెట్టుకుని కారు దగ్గరికి వెళ్లారు. ఓటర్ల చేత సంతకం పెట్టించే కార్డులు మర్చిపోయారట. ఏడూ పద్నాలుగుకి. నేను గడియారం చూశాను, ఎందుకంటే లోపల వేడంతా పోతోందని సణుక్కున్నాను." టోపీని గుప్పిట్లో బిగించాడు. "ఆ మాట ఆయన విన్నారేమో మేడమ్."

"నువ్వు ఆయన్ని చూసినప్పుడు కుర్చీ ఎక్కడుంది?"

"ఎనిమిదీ నలభైకి. కుర్చీ మడిచి లోపల గోడకి చేరేసి ఉంది. తలుపు మూసుకుపోయి ఉంది."

తలుపు పక్కనే వంటగది నడవ. ఆ నడవ చివర ఇంకో బయటి తలుపు. జనమంతా జిమ్‌లో ఉన్నప్పుడు ఆ దారిన ఎవరొచ్చినా, ఎవరెళ్లినా చూసే కన్ను లేదు.

జిమ్‌లో ఆ సమయానికి నూట నలభై మంది ఉన్నారు. మా రాష్ట్రంలో అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి పోరులో పెట్టెలో కాగితం వెయ్యరు. ఇరుగుపొరుగంతా ఒక గదిలో చేరి, ఎవరికి నచ్చిన అభ్యర్థి మూలలో వాళ్లు నిలబడతారు. తలలు లెక్కపెడతారు. నూటికి పదిహేను మంది లేని మూల చెల్లదు. ఆ మూలలో వాళ్లు ఇంకో మూలకు వెళ్లాలి. ఏడాది పొడుగునా వేసే ఎత్తులన్నీ ఆ పది నిమిషాల కోసమే.

నిన్న చెల్లాలంటే ఇరవై ఒక్క మంది కావాలి. గవర్నర్ విట్లాక్ మూలలో పంతొమ్మిది మందే తేలారు. ఆ మూలకు నాయకుడు మేస్టారు. సెనేటర్ క్యాస్టెల్ మూలకు నాయకురాలు లోర్నా. ఆయన భార్య.

"పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చున్నావేంటి సిగ్నీ? ప్రార్థనా?"

తలెత్తకుండానే ఆ గొంతు గుర్తుపట్టాను. గార్డన్ స్ట్రాల్. పదకొండేళ్లు ఈ కౌంటీ పోలీసుల్లో నాకు పై అధికారి. శవం దగ్గర చేతులు జేబులో పెట్టుకోవాలని నేర్పింది అతనే. రెండేళ్ల కిందట ఉద్యోగం వదిలేసి గవర్నర్ విట్లాక్ ప్రచారానికి భద్రతాధికారిగా చేరాడు.

"తొందరగా వచ్చారే," అన్నాను.

"రాజధాని నుంచి రెండు గంటల దారి. ఏడింటికి బయల్దేరాను. రాత్రంతా గవర్నర్ పక్కనే ఉన్నాను, లెక్కింపు అయ్యేదాకా." కమ్మీ మీద చెయ్యి వేసి కిందికి చూశాడు. "పాపం. ముసలాయన. మంచు. అంతేగా?"

ఎమెట్ మొహం ఎర్రబడింది. "ఉప్పు చల్లానండీ!"

"నువ్వు లోపలికి వెళ్లు బాబూ."

"ఉండు ఎమెట్," అన్నాను. "ఇక్కడ ఎవరు ఉండాలో చెప్పేది నేను."

స్ట్రాల్ నవ్వాడు. పాత నవ్వే. "సరే తల్లీ. నీ రాజ్యం. ఒక్క పని చేసిపెట్టు. ఆయన ఫైలు ఉంటుంది, మూడు ఇనప రింగులది. అది ప్రచార కార్యాలయం సొత్తు. ఇచ్చేస్తే నా దారిన నేను పోతాను."

"ఇవ్వను."

"అందులో ఏముందని? పేర్లు, ఫోన్ నంబర్లు."

"పన్నెండో కాగితం లేదు."

అతను కమ్మీ మీంచి చెయ్యి తీశాడు.

"మేస్టారు ప్రతిదానికీ విషయసూచిక రాసేవారు," అన్నాను. "మొదటి పేజీలో ఆయన చేత్తో ఉంది. పదకొండు, ఓటర్ల పేర్లు. పన్నెండు, పైనుంచి వచ్చిన ఉత్తరం. పదమూడు, నా ప్రసంగం. పదకొండు ఉంది, పదమూడు ఉంది. పన్నెండు దగ్గర రింగులకు చిరిగిన అంచు మాత్రం ఉంది. ఫోన్ కూడా లేదు. మంచు మీద జారినవాడు ఫోన్ మింగేశాడంటారా?"

"ఎవడో దొంగ వెధవ తీసుకుని ఉంటాడు."

"కెల్సీ గ్రోవ్‌లోనా?"

"ఎక్కడైనా ఉంటారు." ఒక మెట్టు దిగి నాకు దగ్గరగా వచ్చాడు. గొంతు తగ్గించాడు. "చూడు సిగ్నీ. ఎనిమిది రోజుల్లో ఇంకో రాష్ట్రంలో పోరు. నిన్న గవర్నర్ మూడో స్థానంలోకి జారాడు. ఇవాళ పేపర్లో ఆయన కార్యకర్త శవం, దాని పక్కన నీ ప్రశ్నలు పడ్డాయంటే ప్రచారం ఇక్కడితో సరి."

"మేస్టారిది కూడా ఇక్కడితో సరి."

"నాకు మాత్రం బాధ లేదా?"

"నిన్న మీ పంతొమ్మిది మందీ ఇంకో అభ్యర్థి డ్యూమాంట్ మూలకు ఎందుకు వెళ్లారు? వాళ్లలో సగం మందికి ఆయన పేరు పలకడం రాదు."

"వ్యూహం. మనం నెగ్గకపోతే క్యాస్టెల్ నెగ్గకూడదు. ఆవిడ ఇక్కడ గెలిస్తే ఇక ఎక్కడా ఆగదు. మన బలగాన్ని డ్యూమాంట్‌కి ఇస్తే ఆవిడ రెండో స్థానానికి పడిపోతుంది. లెక్క తేలిక."

"మేస్టారు దీనికి ఒప్పుకున్నారా?"

"ప్రచారంలో ఒప్పుకోవడాలు ఉండవమ్మా. చెప్పింది చెయ్యడమే."

"మేస్టారి గురించి తెలియని మనిషిలా మాట్లాడకండి." ఫొటో అతని ముందు పెట్టాను. "తల కింద చూడండి. ఆయన మఫ్లర్. నాలుగు మడతలు వేసి తలగడలా పెట్టి ఉంది. పుర్రె పగిలి పడ్డవాడు తన మఫ్లర్ తానే మడిచి తల కింద పెట్టుకోడు. ఎవరో ఉన్నారు. ఆయన బతికుండగానే ఉన్నారు. తల కింద మెత్త పెట్టేంత జాలి ఉంది. లోపలికి వెళ్లి ఒక్క కేక వెయ్యడానికి మాత్రం నోరు రాలేదు. పైగా వెళ్తూ వెళ్తూ కుర్చీ తీసేసి తలుపు వేసేశారు. ఆ జిమ్‌లో ఇద్దరు నర్సులున్నారు సార్. ఒకావిడ ఆయన భార్యే."

సార్ అన్న మాట అలవాటుగా వచ్చేసింది. స్ట్రాల్ ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. కోటు కాలర్ పైకెత్తుకుని, "నువ్వు నాకన్నా బాగా నేర్చుకున్నావు" అని మాత్రం చెప్పి కారు వైపు నడిచాడు.

* * *

ఓస్ట్రైక్ దంపతుల ఇంటి ముందు మంచులో రెండు బోర్డులున్నాయి. గుమ్మానికి ఎడమవైపు విట్లాక్, కుడివైపు క్యాస్టెల్. అధ్యక్ష ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో అంతే. నలభై ఒక్కేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ ఒకే అభ్యర్థికి నిలబడింది రెండేసార్లట. ఆ రెండుసార్లూ ఆ అభ్యర్థి ఓడిపోయాడని మేస్టారు తరగతిలో చెప్పి నవ్వించేవారు.

పదీ నలభైకి తలుపు కొట్టాను. లోర్నా తీసింది. జుట్టు నున్నగా దువ్వుకుంది. రాత్రి వేసుకున్న కోటుకి క్యాస్టెల్ బిళ్ల ఇంకా అలాగే ఉంది.

"రా అమ్మా. కోటు ఆ కొక్కేనికి తగిలించు. కాఫీ తాగుతావా?"

"వద్దండీ."

"తాగు. రెండు కప్పులు పోసేశాను. చెయ్యి ఊరుకోలేదు."

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ నా కళ్లలోకి సూటిగా చూసింది. "నలభై ఏళ్లు నర్సుగా చేశాను సిగ్నీ. నా దగ్గర డొంకతిరుగుడు మాటలొద్దు. ఎంతసేపు బతికున్నాడు?"

"డాక్టరు గారు ఇంకా..."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు ఉండొచ్చంటున్నారు."

ఆవిడ తల ఊపింది. బల్ల మీద లేని ముక్కల్ని అరచేత్తో ఊడ్చింది. "ఎప్పుడు పడ్డాడంటావు?"

"ఏడూ పద్నాలుగు తర్వాత. ఏడున్నర లోపు. ఖచ్చితంగా తెలియదు. మిమ్మల్ని కొన్ని అడగాలి లోర్నా గారూ. నేను తప్ప అడిగేవాళ్లు లేరు."

"అడుగు. నేను చంపానా అనా?"

"మూడు వారాలుగా మీ ఇద్దరికీ మాటల్లేవట."

"ఊరంతా అనుకుంటున్నారా?"

"ఊరంతా."

"నిజమే. ఆయన పక్క గదిలో పడుకున్నాడు." ఆవిడ గొంతు పదునెక్కింది. "విట్లాక్ గెలవడని ఆయనకీ తెలుసు. అయినా ఆ మనిషిని పట్టుకుని వేలాడుతున్నాడు. నిజాయితీపరుడట! నిజాయితీపరుడు ఇంట్లో కూర్చోవచ్చు, ఎవరొద్దన్నారు? నేనన్నాను, నవంబరులో అసలు ఎన్నిక గెలిచేవాళ్లని చూసుకోవయ్యా, మనసుకి నచ్చినవాళ్లని కాదు అని. ఆయన ఏమన్నాడో తెలుసా? 'నువ్వు నన్ను చేసుకున్నప్పుడు నేను గెలుస్తానని చేసుకున్నావా లోర్నా?' అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇది పెళ్లా, ఎన్నికలా? దిండు తీసుకుని పొమ్మన్నాను."

నాకు తెలియకుండానే పెదవుల మీద నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఆ వెంటనే మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను. నాకు వచ్చిన వాదనలేవీ అప్పుడు పనికిరాలేదు.

కాసేపటికి తల ఎత్తింది. "నేను ఏడూ ఇరవై రెండుకి లేచి ఇరవై ఏడు దాకా మాట్లాడాను. ఏం మాట్లాడానో విన్నావా?"

నిన్న రాత్రి నుంచి పదిహేను మంది నాకు అది వినిపించారు. "విన్నాను."

"నా భర్త ఇవాళ తన అభ్యర్థి పక్కన నిలబడడానికే సిగ్గుపడి ఎక్కడో దాక్కున్నాడు, ఆ మూలలో ఉన్నవాళ్లకి ఆ మాత్రం సిగ్గు కూడా లేదు అన్నాను. జనం పగలబడి నవ్వారు. నాకు చాలా సంతోషమేసింది సిగ్నీ. ముప్ఫై అడుగుల దూరంలో, గోడకి అవతల..." ఆవిడ కప్పు పక్కకి నెట్టింది. "తర్వాత విట్లాక్ వాళ్లు నా మొహం కూడా చూడకుండా డ్యూమాంట్ మూలకి పోయారు. పద్దెనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయాను. ఇంటికెళ్లి ఆయన్ని దులిపేద్దామనుకున్నాను."

"ఆయన మీకేమైనా చెప్పాలనుకున్నారా? ఆ సాయంత్రం?"

ఆవిడ లేచి వెళ్లి సొరుగు లాగి, వంటింటి తువ్వాలులో చుట్టిన తన ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏడూ ఇరవై ఒకటికి చేశాడు. నేను మైకు దగ్గరికి నడుస్తున్నాను. తెర మీద ఆయన పేరు చూశాను. బతిమాలుకోవడానికి చేస్తున్నాడనుకున్నాను. కట్ చేసేశాను."

"సందేశం ఏదైనా వదిలారా?"

"వదిలాడు. నలభై ఎనిమిది సెకన్లు. వినలేదు." ఆవిడ వేళ్లు తువ్వాలు అంచు మడుస్తూ విప్పుతున్నాయి. "రాత్రంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను. వింటే అయిపోతుంది కదా. వినకపోతే, ఆయన నాకింకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టే ఉంటుంది."

"నేను వినాలి లోర్నా గారూ. మీరు కావాలంటే బయటికి వెళ్లండి."

"నా ఇంట్లోంచి నన్ను పొమ్మంటావేంటి? పెట్టు."

పెట్టాను. ముందు గాలి చప్పుడు. తర్వాత మేస్టారి గొంతు, మెట్లెక్కుతున్న ఆయాసంతో.

"లోర్నా, నేనే. చెరిపెయ్యకు, విను. నీ ప్రసంగంలో విట్లాక్‌ని తిట్టకు. నన్ను తిట్టుకో, పర్వాలేదు. మేం చాలం, తలలు లెక్కపెట్టాను. నా వాళ్లని నీ మూలకు తీసుకొస్తున్నాను. పైనుంచి డ్యూమాంట్ దగ్గరికి పొమ్మన్నారు. వాళ్లిద్దరికీ ఏదో ఒప్పందం ఉంది, ఉపాధ్యక్ష పదవి గురించి. ఉత్తరం నా చేతిలోనే ఉంది, అందరి ముందూ చదివేస్తాను. కానీ నువ్వు తిట్టావంటే మావాళ్లు ఒక్కరూ రారు. కాస్త తియ్యగా మాట్లాడు. నీకు రాదనుకో..." ఆయన నవ్వారు. "ఆ గదిలో పడుకుని నడుం పడిపోయింది లోర్నా. ఇవాళ నా దిండు..."

తలుపు కిర్రుమంది. ఇంకో గొంతు వినిపించింది, పైనుంచి, దగ్గరగా.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి వెర్లిన్. ఫోన్ పెట్టెయ్యండి."

"అరె, మీరా? రాజధానిలో ఉన్నారన్నా..."

అక్కడ తెగిపోయింది.

లోర్నా కదలలేదు. ఆ రెండో గొంతుని పదకొండేళ్లు రోజూ విన్నాను. ఆ గొంతు నాకు మొదటి హంతకుణ్ని పట్టించింది. మా అమ్మ పోయినప్పుడు ఆస్పత్రి వరండాలో నా పక్కన కూర్చుని, ఇంటికెళ్లి పడుకో సిగ్నీ, నేనుంటాను అంది. ఏడింటికి రాజధానిలో బయల్దేరానన్న మనిషి, రెండు గంటల దారిలో, తొమ్మిది కాకముందే మెట్ల దగ్గర ఎలా ఉన్నాడో ఇప్పుడు అర్థమైంది.

"మొదటి నుంచి మళ్లీ పెట్టు," అంది లోర్నా. "దిండు దాకా. ఆ తర్వాతది వద్దు."

సాక్ష్యాన్ని అలా తాకకూడదు. పెట్టాను. రెండోసారి ఆయన నవ్వు దగ్గర ఆవిడ కూడా సన్నగా నవ్వింది. "నీకు రాదనుకో, అంటున్నాడు చూడు," అంది. "నిజంగానే రాదు." తర్వాత నా మొహం చూసింది. "ఆ రెండోవాడు ఎవరో నీకు తెలుసు."

"తెలుసు."

"ఎవరు?"

నేను నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గర గంట మోగింది.

"గవర్నర్ తరఫున ఎవరో పూలు తెస్తామన్నారు," అంటూ లోర్నా లేచింది.

"ఆగండి. నేను తీస్తాను. మీరు ఒక్క మాట కూడా..."

ఆవిడ అప్పటికే హాల్లో ఉంది. తలుపు తెరిచింది. మంచు వెలుగులో గార్డన్ స్ట్రాల్ నిలబడి ఉన్నాడు. తల మీద టోపీ లేదు. చేతిలో తెల్లపూలు.

"మిసెస్ ఓస్ట్రైక్, గవర్నర్ గారి తరఫున, నా తరఫున కూడా... వెర్లిన్ గారు లేని లోటు..."

లోర్నా చివరిదాకా విన్నది. పూలు అందుకోలేదు.

"ఇంకా మాట్లాడండి," అంది.

"ఏమిటండీ?"

"ఏదైనా సరే, మాట్లాడండి. ఆయన ఆఖరున విన్న గొంతు నేను కూడా సరిగ్గా వినాలి."

స్ట్రాల్ ఆవిడ భుజం మీదుగా నన్ను చూశాడు. నా చేతిలో ఉన్న ఫోన్ చూశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైనవే, ఇప్పటికీ అంతే అనుకుంటాను. ఒక్క క్షణం అతను వెనక్కి తిరిగి కారెక్కి వెళ్లిపోతాడని అనిపించింది.

లోపలికి వచ్చాడు. పూలు జాగ్రత్తగా కుర్చీలో పెట్టాడు. వెనక్కి చూడకుండానే తలుపు మూసి గడియ వేశాడు.

"ఆ ఫోన్ కింద పెట్టు సిగ్నీ," అన్నాడు.